విడుదల రోజున డబ్బు ఎవరి చేతిలో పడింది? బానిసత్వం గురించి అడిగిన ప్రశ్నకు నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బానిసత్వం అంటే తెల్లవాళ్లు నల్లవాళ్లను గొలుసులేసి అమ్ముకోవడం, అది అమెరికాలో 1865తో అయిపోయింది, మనదేశంలో బానిసలే లేరని మౌర్యుల కాలంలో వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్ రాశాడు, మరి ఇంకా దాని ప్రభావం ఉందని ఎందుకంటారు? ఎప్పుడో ముగిసిన దానికి ఈనాటివాళ్లను ఎందుకు నిలదీస్తారు?

నేను చెన్నైలో వకీలుని. చాలా ఏళ్లుగా తిరువళ్లూరు వైపు ఇటుక బట్టీల్లో, రైసు మిల్లుల్లో, సరుగుడు తోటల్లో అప్పుకింద చిక్కుకున్న కుటుంబాల తరఫున కేసులు చూస్తున్నాను. వాళ్లలో మన నెల్లూరు, సూళ్లూరుపేట, సత్యవేడు వైపు యానాదులు ఉంటారు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, ఇక్కడి ఇరులర్ గిరిజనులు ఉంటారు. అందుకని ఈ ప్రశ్నను నేను పుస్తకం వైపు నుంచి మాత్రమే చూడలేను.

మెగస్తనీస్ సంగతితో మొదలుపెడతాను. ఆయన ఆ మాట అన్న వందేళ్లలోపే అశోకుడు తన శాసనాల్లో దాసులను, కూలివాళ్లను దయగా చూడమని చెక్కించాడు. ఆ శాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద కూడా ఉన్నాయి, వెళ్లి చూడొచ్చు. బానిసలే లేని దేశంలో రాజు వాళ్లను బాగా చూడమని చెప్పాల్సిన అవసరం రాదు. మనుస్మృతి అయితే దాసులు ఏడు రకాలని లెక్క కట్టి చెబుతుంది. యుద్ధంలో చిక్కినవాడు, ఇంట్లో దాసికి పుట్టినవాడు, కొన్నవాడు, దానంగా వచ్చినవాడు, తండ్రితాతల ఆస్తితోపాటు సంక్రమించినవాడు, శిక్షకింద దాసుడైనవాడు, తిండికోసం దాసుడైనవాడు. ఆ చివరిదాని దగ్గర కాస్త ఆగండి.

బానిసత్వం ఎక్కడ పుట్టిందంటే చాలామంది యుద్ధమే అంటారు. యుద్ధం పెద్ద కారణమే, కాదనను. అయితే పాత చట్టాలు తిరగేస్తే యుద్ధంతో సమానంగా కనిపించేవి అప్పు, ఆకలి. బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం సుమారు 3,750 ఏళ్ల కిందటిది. అప్పు తీర్చలేక పెళ్లాన్నో బిడ్డనో అప్పిచ్చినవాడి ఇంటికి పంపితే, వాళ్లు అక్కడ మూడేళ్లు పనిచేయాలి, నాలుగో ఏట వదిలిపెట్టాలి అని అందులో ఉంది. అంటే ఆనాటికే ఈ సమస్య రాజు చట్టం చేయాల్సినంతగా ముదిరింది. గ్రీసులో సోలన్ క్రీ.పూ. 594 ప్రాంతంలో చేసిన పెద్ద సంస్కరణ కూడా ఇదే: మనిషి ఒంటిని తాకట్టు పెట్టి అప్పివ్వకూడదని.

మన పక్కకే వద్దాం. తంజావూరు సీమలో తిరుప్పాంపురం గుడిలో 1201 నాటి శాసనం ఒకటుంది. కరువులో బతకలేక ఒక వెళ్లాళ రైతు, అతని ఇద్దరు కూతుళ్లు 110 కాసులకు తమను తాము గుడికి అమ్ముకున్నారు. వెళ్లాళలంటే భూమి ఉన్న రైతుకులం. నేను యువ వకీళ్లకు పాఠం చెప్పేటప్పుడు ఈ శాసనం తప్పకుండా చెబుతాను. ఆ రైతును ఎవరూ కొట్టి లాక్కెళ్లలేదు. సంతకం పెట్టినట్టే అమ్ముకున్నాడు. "ఇష్టపడే వచ్చారు సార్" అనే మాటకు ఎనిమిది వందల ఏళ్ల వయసుంది.

చెన్నైకి ఉత్తరాన రెండు గంటల దూరంలో పులికాట్ ఉంది కదా, పళవేర్కాడు. వారాంతంలో చేపలు తినడానికీ కొంగలు చూడటానికీ వెళ్లే ఊరు. అక్కడి డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఫొటోలు కూడా దిగుతాం. డచ్చి కంపెనీ 1610లో అక్కడ వ్యాపారం పెట్టింది, 1613కల్లా కోట కట్టింది. అద్దకం బట్టలతోపాటు ఆ రేవు నుంచి వేలాది మనుషులు కూడా బతావియాకు ఎగుమతి అయ్యారు. ఇప్పుడు దాన్ని జకార్తా అంటున్నాం. ఎగుమతి ఏటా ఒకేలా ఉండేది కాదు. కోరమండల్ తీరంలో కరువో యుద్ధమో వచ్చిన ఏళ్లలో ఎగిసేది, వానలు పడ్డ ఏడు పడిపోయేది. తల్లిదండ్రులు బిడ్డలను గుప్పెడు బియ్యానికి ఇచ్చేసిన రోజులవి. ఆ బిడ్డల్లో కొందరు దక్షిణాఫ్రికా కేప్‌టౌన్ దాకా వెళ్లారు. అక్కడి రికార్డుల్లో వాళ్ల ఇంటిపేరు ఉండాల్సిన చోట 'ఫాన్ కోరమండల్' అని రాసి ఉంటుంది. ఫలానా తీరం నుంచి వచ్చిన సరుకు అన్నట్టు. అమ్మానాన్నల పేరు, ఊరు, కులం, భాష ఏదీ లేదు. వాళ్లలో తెలుగు మాట్లాడినవాళ్లు ఎందరో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు.

ఇంగ్లీషువాళ్ల మద్రాసు కోట కూడా ఈ మచ్చ లేనిది కాదు. 1680ల్లో ఇక్కడినుంచి కూడా బానిసలను ఓడలెక్కించారు. మొగలు అధికారుల నుంచి ఒత్తిడి వచ్చాక కోట పాలకులు నిషేధించారు. అప్పటి గవర్నరు ఎలైహు యేల్. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి 1718లో ఆయన పేరే పెట్టారు. బానిసత్వంతో తనకున్న సంబంధాలకు ఆ విశ్వవిద్యాలయం 2024లో క్షమాపణ చెప్పింది.

ఇక అమెరికా. మీకు తెలిసిన కథే కాబట్టి ఒక్క అంశం మీదే ఉంటాను. అట్లాంటిక్ దాటించడానికి ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించినవాళ్లు సుమారు 1 కోటి 25 లక్షల మంది, బతికి ఒడ్డుకు చేరినవాళ్లు సుమారు 1 కోటి 7 లక్షలు. ఇందులో ఇప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రాలకు నేరుగా చేరింది 4 లక్షల లోపే. మరి 1860 నాటికి అక్కడ దాదాపు 40 లక్షల మంది బానిసలు ఎలా అయ్యారు? దానికి జవాబు 1662లో వర్జీనియా చేసిన చట్టంలో ఉంది. బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి ఉంటుందని ఆ చట్టం. ఇంగ్లీషు సంప్రదాయంలో బిడ్డకు తండ్రి హోదా వస్తుంది, దాన్ని ఇక్కడ తలకిందులు చేశారు. దాంతో బానిస స్త్రీ గర్భం యజమాని ఆస్తి అయిపోయింది. ఆమెను చెరిచినవాడు యజమానే అయినా పుట్టిన బిడ్డ అతనికి బానిసే. హమ్మురాబి కాలంలో అప్పుకిందైతే మూడేళ్లకు తీరిపోయే స్థితి ఇక్కడ వంశానికంతటికీ అంటుకుంది. నల్లవాళ్లు తక్కువ జాతి అనే సిద్ధాంతం చాలావరకు ఈ లాభాన్ని సమర్థించుకోవడానికే తర్వాత తర్వాత గట్టిపడింది. ముందు లాభం వచ్చింది, దానికి సాకుగా జాతి సిద్ధాంతం వెనక వచ్చింది. మన కులం సంగతిలో కూడా ఈ వరసను గుర్తు పెట్టుకోవాలని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ప్రభావం ఇంకా ఎందుకు ఉందని. నేను ఎవరికైనా ఒకే దారి చూపిస్తాను. ఏ దేశంలో బానిసత్వం రద్దయినా, ఆ విడుదల రోజున డబ్బు ఎవరి చేతిలో పడిందో చూడండి.

బ్రిటన్ 1833లో రద్దు చట్టం చేసింది. సుమారు 8 లక్షల మంది విడుదలయ్యారు. నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించారు, ఆనాటి ప్రభుత్వ వార్షిక ఖర్చులో దాదాపు 40 శాతం. అది మొత్తం యజమానులకే పోయింది. కొరడా దెబ్బలు తిన్నవాళ్లకు ఒక్క పెన్నీ రాలేదు. పైగా వాళ్లు 1838 దాకా అదే యజమానుల దగ్గర శిక్షణ పేరుతో వారానికి 45 గంటల దాకా జీతం లేకుండా చేయాలి. ఆ పరిహారం కోసం తెచ్చిన అప్పు ఖాతా బ్రిటన్ ప్రభుత్వం పూర్తిగా మూసేసింది 2015లో. అంటే మీరు ఉద్యోగంలో చేరిన రోజుల్లో, అక్కడ పన్ను కట్టిన మన తెలుగు ఇంజనీర్ల డబ్బు కూడా ఆ అప్పుకు పోయింది.

హైతీ సంగతి ఇంకా ఘోరం. ఫ్రాన్సు వలసగా ఉన్న ఆ కరీబియన్ దేశంలో బానిసలు తిరగబడి, నెపోలియన్ సైన్యాన్ని ఓడించి 1804లో స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, మా ఆస్తి పోయింది కాబట్టి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఆ ఆస్తిలో ఈ మనుషులే ఉన్నారు. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించారు. దానికోసం చేసిన అప్పులు తీరేసరికి 1947 వచ్చింది. హైతీ ఎందుకు పేదదేశం అని అడిగేవాళ్లకు నేను ముందు ఈ లెక్క చూపిస్తాను.

అమెరికాలో 1865 జనవరిలో జనరల్ షెర్మన్ విముక్తులకు కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇచ్చే ఉత్తర్వు వేశాడు. ఏడాది తిరక్కముందే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములు పాత యజమానులకే తిరిగి ఇప్పించేశాడు. భూమి లేని విముక్తులు అదే తోటల్లో పంటలో వాటాకు సేద్యం చేసే పాలికాపులుగా మిగిలారు. విత్తనం అప్పు, ఎరువు అప్పు, కోతకు లెక్క రాసేది యజమాని. బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా రాజ్యాంగం 13వ సవరణలోనే 'నేరానికి శిక్షగా తప్ప' అనే మినహాయింపు ఉంది. దాన్ని పట్టుకుని పని లేకుండా తిరిగాడనే నేరానికి కూడా నల్లవాళ్లను జైల్లో వేసి కంపెనీలకు అద్దెకిచ్చారు.

ఈ కథ మన రేవుకు ఎలా వస్తుందో చూడండి. జాన్ గ్లాడ్‌స్టన్ అని లివర్‌పూల్ వ్యాపారి, తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయినాయన తండ్రి. రెండు వేలకు పైగా బానిసలు ఉన్నందుకు ఆయనకు లక్ష పౌండ్లకు పైగా పరిహారం ముట్టింది. అదే మనిషి 1836లో కలకత్తాలోని ఒక వ్యాపార సంస్థకు ఉత్తరం రాసి, దక్షిణ అమెరికాలో గయానాలోని తన చెరకు తోటలకు ఇండియా నుంచి కూలీలను పంపమన్నాడు. 1838లో రెండు ఓడల్లో వాళ్లు వెళ్లారు. ఒక చేత్తో బానిసలకు పరిహారం పుచ్చుకుని, రెండో చేత్తో ఐదేళ్ల ఒప్పందం కూలీలను రప్పించుకున్నాడు. ఆ తర్వాత కలకత్తాతోపాటు మద్రాసు, కోరంగి, విశాఖ రేవుల నుంచి కూడా మనవాళ్లు మారిషస్‌కు వెళ్లారు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 300 మందికి పైగా కూలీలతో నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో తమిళులు, తెలుగువాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఒప్పందం అయిపోయాక అక్కడే స్వేచ్ఛగా ఉండాలనుకున్నవాళ్లమీద 1895లో ఏటా 3 పౌండ్ల పన్ను వేశారు. పన్ను కట్టలేనివాడు మళ్లీ ఒప్పందం కుదుర్చుకోవాలి. గాంధీ 1913లో నడిపిన సమ్మె ఆ పన్ను మీదే. వాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పటికీ డర్బన్‌లో ఉగాది చేసుకుంటున్నారు. వాళ్లు బానిసలు కారు, ఆ తేడాను నేను చెరిపేయను. ఒప్పందానికి గడువుంది, బిడ్డకు సంక్రమించదు. కానీ మధ్యలో పని మానేస్తే అది నేరం, జైలు. ఆ ఒక్క షరతు పాత బానిసత్వం దగ్గర్నుంచే వచ్చింది.

ఇక్కడ రద్దు ఎలా జరిగింది? 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడికి వర్తించదని అందులోనే రాశారు. కంపెనీ 1843లో విడిగా ఒక చట్టం చేసింది. బానిస మీద హక్కును కోర్టులు గుర్తించవని, బకాయిల కింద సర్కారు మనుషులను వేలం వేయకూడదని అందులో ఉంది. అంటే అంతకుముందు శిస్తు బకాయికి మనిషిని వేలం వేసే వీలుండేది. ఆ చట్టం యజమానిని శిక్షించలేదు, విముక్తుడికి సెంటు భూమి ఇవ్వలేదు. తంజావూరు పొలాల్లో పన్నైయాళ్లు అనే కట్టు కూలీలు, మన కోస్తాలో పాలేర్లు, నిజాం ఏలుబడిలో అప్పుకింద జీతం ఉండే భగేలాలు, వెట్టివాళ్లు అలాగే ఉన్నారు. కోర్టు కాగితాల్లో బానిస అన్న మాట పోయింది, దాని చోట అప్పు వచ్చింది. జీతానికి ఉన్న తండ్రి చనిపోతే ఆ అప్పుకింద కొడుకు వెళ్లేవాడు. వర్జీనియా చట్టంలో తల్లి నుంచి బిడ్డకు దిగినది ఇక్కడ తండ్రి ప్రామిసరీ నోటు మీద దిగింది. తెలంగాణలో జనం 1946లో ఆయుధం పట్టడానికి వెట్టి ఒక ముఖ్య కారణం. చెన్నై కార్పొరేషన్ పాకీ పనికి ఒకప్పుడు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా అదే పనిలో ఉండిపోవడం కూడా ఈ కొమ్మకే కాసింది. అక్కడ చేతికి సంకెళ్లు లేవు, చట్టపరంగా ఎప్పుడైనా మానేయొచ్చు. కానీ క్వార్టర్సు ఆ పనితో ముడిపడి ఉంటాయి, ఇల్లు పోతుందని కొడుకు కూడా చీపురే పట్టుకుంటాడు.

1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైన వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని నేను గౌరవంతో చదువుతాను. ప్రపంచంలో చాలా రద్దు చట్టాలకు ఇది విరుద్ధంగా నడిచింది. యజమానికి పరిహారం లేదు. అప్పు మొత్తం రద్దు. రద్దయిన ఆ అప్పుకింద ఒక్క రూపాయి పుచ్చుకున్నా మూడేళ్ల దాకా జైలు. విముక్తుడు ఉంటున్న గుడిసె నుంచి అతన్ని వెళ్లగొట్టకూడదు. అప్పు వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత అప్పిచ్చినవాడిదే. 1982లో సుప్రీంకోర్టు కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు పనేనని చెప్పింది. 1983 డిసెంబరులో ఫరీదాబాద్ రాతి క్వారీల కేసులో, బలవంతపు పని అని తేలితే దాని వెనక అడ్వాన్సు ఉందనే అనుకోవాలంది. చట్టం వైపు నుంచి ఇంతకంటే బలమైన ఆయుధం ఉండదు.

మరి క్షేత్రంలో ఏం జరుగుతోంది? రెడ్‌హిల్స్ దాటాక ఒక బట్టీలో దొరికిన లెక్క పుస్తకం గురించి చెబుతాను. పిల్లలు రాసుకునే నలభై పేజీల నోట్‌బుక్. పై వరసలో కూలీలను కుదిర్చే మేస్త్రీ ద్వారా ఇచ్చిన అడ్వాన్సు, 35,000. కింద ప్రతి శనివారం ఖర్చీ, అంటే బియ్యం, నూనె, ఉల్లిపాయలకు ఇచ్చే డబ్బు. అదీ అడ్వాన్సులోకే కలుపుతారు. కూతురికి జ్వరమొస్తే ఆటోకు 300, మందులకు 450. ఆ పక్క పేజీలో కోసిన ఇటుకల లెక్క. మగాడు మట్టి తొక్కుతాడు, ఆమె అచ్చు వేస్తుంది, పిల్లలు పచ్చి ఇటుకలను తిప్పి ఆరబెడతారు. పుస్తకంలో మాత్రం ఒక్క మగాడి పేరే ఉంటుంది. ఒక తేదీ దగ్గర వానకు తడిసినవి 2,000 అని రాసి అడ్డగీత కొట్టేశారు. బట్టీ యజమాని స్థలంలో కురిసిన వాన, నష్టం కూలీ ఖాతాలో. పొంగల్ తర్వాత 35,000తో మొదలైన అప్పు వానాకాలానికి బట్టీ ఆపేనాటికి 41,200 అయింది. ఆ కుటుంబం ఆరు నెలలపాటు తెల్లారుజామున మూడింటికి లేచి పనిచేసింది.

విచారణకు వచ్చిన అధికారి తలుపులకు తాళాలు వేసేవాళ్లా అని అడిగాడు. లేదన్నారు. కొట్టేవాళ్లా అంటే, లేదు సార్ అన్నారు. అక్కడితో విచారణ ముగియబోయింది. ఇలాంటి చోట అడగాల్సిన ప్రశ్నలు వేరు. పక్క బట్టీలో కూలి ఎక్కువిస్తామంటే వెళ్లగలరా? ఊళ్లో చావు జరిగితే కుటుంబమంతా కలిసి వెళ్లారా, ఒకరిని ఇక్కడ వదిలి వెళ్లారా? ఆ ఇంటి ఇల్లాలు అప్పుడు చెప్పింది, అత్త చనిపోతే తానూ మొగుడూ వెళ్లామని, పెద్ద పిల్లను మాత్రం బట్టీలోనే ఉంచమన్నారని. మేం తిరిగి రావాలి గదయ్యా, అందుకు, అంది. ఆ పదేళ్ల పిల్ల అక్కడ పూచీకత్తు. ఆర్డీవో విడుదల పత్రం ఇవ్వడానికి ఆ ఒక్క వాక్యం సరిపోయింది.

గతానికి ఈనాటివాళ్లు ఎందుకు బాధ్యులని అడిగారు. నేను ఎవరినీ వాళ్ల తాత పాపానికి శిక్షించమనను. కానీ తాతకు వచ్చిన పరిహారం మనవడికి ఆస్తిగా దిగితే, ఆ ఆస్తితోపాటు దాని లెక్క కూడా దిగాలి. ఆర్థికవేత్త నేథన్ నన్ 2008లో ఆఫ్రికా దేశాలను పోల్చి, ఎక్కడినుంచి ఎక్కువమందిని బానిసలుగా ఎత్తుకెళ్లారో ఆ ప్రాంతాలే ఇప్పటికీ ఎక్కువ పేదరికంలో ఉన్నాయని చూపించాడు. ఓడలు ఆగి నూటయాభై ఏళ్లు దాటినా. పొరుగువాడే పట్టి అమ్మేసిన చోట మనుషులమధ్య నమ్మకం తగ్గిపోయిందని మరో పరిశోధకుడితో కలిసి 2011లో రాశాడు. తిరువళ్లూరులో కూడా నేనిది చూస్తాను. విడుదలైన కుటుంబం ఏ సంఘాన్నీ, ఏ ఆఫీసునూ నమ్మదు. సంతకం అడిగితే వణుకుతారు, ఎందుకంటే వాళ్ల జీవితంలో ప్రతి సంతకం ఒక కొత్త అప్పే.

విడుదలైనవాళ్లు మళ్లీ అదే ఉచ్చులోకి ఎందుకు వెళ్తారని కూడా నన్ను తరచుగా అడుగుతుంటారు. భూమి లేదు, సీజన్ మధ్యలో ఖర్చుకు అప్పిచ్చేవాడు మేస్త్రీ ఒక్కడే. 2016 నుంచి ఉన్న కేంద్ర పథకంలో పునరావాసానికి మగాడికి లక్ష, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, తీవ్రమైన కేసుల్లో 3 లక్షల దాకా ఉంది. కాకపోతే ఆ పెద్ద మొత్తాన్ని నిందితుడికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. శిక్షలు పడేది చాలా తక్కువ. వెంటనే చేతికొచ్చేది తక్షణ సాయం, మొదట 20,000 ఉండేది, ఇప్పుడు 30,000 వరకు. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు 35,000. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే వాళ్లు ఎందుకు వెనక్కి వెళ్తున్నారో తెలుస్తుంది. పునరావాసాన్ని శిక్షతో ముడిపెట్టడం తీసేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. దొంగ దొరికేదాకా ఇల్లు కాలినవాడికి బియ్యం ఇవ్వబోమనడం న్యాయం కాదు.

మీరు చెన్నైలోనే ఉన్నానన్నారు. గుమ్మిడిపూండి, పెరియపాళయం దారుల్లో బట్టీల పక్కన తెలుగు మాట్లాడే కుటుంబాలు కనబడతాయి. అనుమానం వస్తే యజమానితో గొడవ పెట్టుకోవద్దు, ఆ రాత్రికే కుటుంబాన్ని వేరే బట్టీకి మార్చేస్తారు. కలెక్టరుకో ఆర్డీవోకో రాతపూర్వకంగా ఇవ్వండి, ఎవరి ఊరు ఏది, అడ్వాన్సు ఎంత, ఎప్పటినుంచి ఉన్నారు అనేది రాస్తే చాలు. ఉచిత న్యాయసహాయానికి 15100, పిల్లలు పనిలో ఉంటే 1098. విచారణ రోజున తెలుగు వచ్చినవాళ్లు ఒకరు పక్కన ఉంటే చాలా తేడా పడుతుంది. తమిళంలో అడిగిన ప్రశ్నకు భయంతో అవునని తలూపేస్తారు, అదే వాంగ్మూలంగా రాసేస్తారు. విడుదల పత్రం ఇచ్చేటప్పుడు కుటుంబ యజమాని పేరుతో ఒక్కటే ఇస్తామంటారు, దానికి ఒప్పుకోవద్దు. భార్యకు విడిగా, పచ్చి ఇటుకలు తిప్పిన పిల్లలకు విడిగా, ఎవరి పేరున వాళ్లకు పత్రం అడగండి.